తెల్లమచ్చ లేని పిల్లాడు

ఆ పొద్దున మబ్బులు పట్టి ఉన్నాయి గాని కదలడం లేదు. కదిలే మబ్బుతో నాకు పేచీ లేదు. వస్తుంది, కురుస్తుంది, పోతుంది. నిలబడిపోయిన మబ్బుతోనే చిక్కు. ఎండ లేకపోతే రొయ్యల చెరువులో నీటి పచ్చదనం పనిచేయదు. అది పనిచేయకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆక్సిజన్ పడిపోతే రొయ్య తేలి గట్టువార చేరుతుంది. అందుకని ఆసుపత్రి మెట్ల మీద, నిన్న పుట్టిన కొడుకుని చేతుల్లో పెట్టుకుని, పైకి చూస్తూ నిలబడ్డాను.

"పైకేం చూత్తారు? కిందకి చూడండి. ఆడి మెడ వేలాడతంది," అంది మా ఆవిడ తాయారు.

కిందకి చూశాను. నిజమే. చెయ్యి సర్దాను.

మాది కొల్లేటి పక్క ఊరు. ఊరి బడిలో చదివినంత చదివి, మిగతాది చెరువు గట్ల మీద చదివి, జావా దీవి దక్షిణపు ఒడ్డున ఒక రొయ్యల కంపెనీలో టెక్నీషియన్‌గా చేరాను. రొయ్య ఎక్కడుంటే మా వైపు వాళ్ళు అక్కడుంటారు. కంపెనీ కంచె లోపలే క్వార్టర్లు. నా పేరు అబ్బులు. ఇక్కడ నన్ను పాక్ అబ్బులు అంటారు. పాక్ అంటే అయ్యగారని. ఊళ్ళో ఎవరూ అనని మాట ఇక్కడ అంటుంటే నేను కాదనలేదు. ఇక్కడి భాష నాకు వచ్చు. ఇక్కడివాళ్ళు అన్నవన్నీ మన మాటల్లోనే రాస్తున్నాను.

పురుడు పోయడానికి అత్తగారు రావలసింది. ఆవిడ పాస్‌పోర్టు కంటే పిల్లాడు ముందొచ్చాడు. అందుకని ఆసుపత్రికి మాతో మా మెస్సులో వంటచేసే సుమార్ని వచ్చింది. పెద్దావిడ, అందరూ ఇబు అంటారు, అంటే అమ్మగారని. ఎవరు పిలిచారో తెలియదు. ఆవిణ్ణి ఎవరూ పిలవనక్కర్లేదు.

పిల్లాడు పుట్టాక నర్సు బయటికొచ్చి, "తండ్రెవరు?" అంది. లేచి చేతులు చాపాను. చేతుల్లో స్టీలు పళ్ళెం పెట్టింది. అందులో బిడ్డ వెంట పడిన మాయ ఉంది. పిల్లాణ్ణి తర్వాత చూపించారు.

మా ఊళ్ళో మాయని పెరట్లో పూడ్చేది మంత్రసాని. మగవాడు అటువైపు తల తిప్పడు. ఇక్కడ తండ్రి తన చేత్తో కడగాలట, తన చేత్తో గుమ్మం పక్కన పూడ్చాలట, దాని మీద కొన్నాళ్ళు రాత్రిళ్ళు దీపం ఉంచాలట. సుమార్ని నా వెనకే నిలబడింది.

"ఇది నీ కొడుక్కి తమ్ముడు. కడుపులో ఇన్నాళ్ళూ వాడికి కాపలా కాసినవాడు. శుభ్రంగా కడుగు. విసుక్కుంటూ కడిగితే పిల్లాడు విసుగు మనిషవుతాడు."

విసుక్కోకుండా కడిగాను. ఉప్పూ పసుపూ వేసి కొత్త మట్టికుండలో పెట్టి, మూత పెట్టి, గుడ్డ కట్టింది. తిరుగుదారిలో ట్రక్కు ముందు సీట్లో తాయారు, ఆమె ఒళ్ళో పిల్లాడు. వెనక మేతబస్తాల మీద నేను, నా ఒళ్ళో కుండ. నా పక్కన సుమార్ని.

ఇక్కడ కంపెనీ నిబంధన గురించి చెప్పాలి.

పోయిన పంటకి తెల్లమచ్చ వచ్చింది. రొయ్య డొప్ప మీద తెల్లటి చుక్కలు పడతాయి. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, చెరువు దానంతటదే ఖాళీ అయిపోతుంది. నీళ్ళు తోడే కాలవలో పక్క కంపెనీ వాళ్ళ మురుగు కలుస్తోందని గట్టు మీద పనిచేసే ప్రతివాడికీ తెలుసు. హెడ్డాఫీసు మాత్రం నిపుణుల్ని పెట్టి విచారించి, రోగం గేటు గుండా వచ్చిందని తేల్చింది. కాలవకి గేటు లేదు కాబట్టి దాని జోలికి పోలేదు. గేటుకి ఒక నిబంధనావళి తయారుచేసింది. దాని మొదటి వాక్యం: ప్రాణమున్నదేదీ ధ్రువపత్రం లేకుండా ఈ గేటు దాటరాదు.

దాన్ని అమలు చేయడానికి వచ్చినవాడు హర్జోనో. సన్నటి మనిషి. బూట్లు రోజుకి అనేకసార్లు కడుక్కుంటాడు. మొదట కుక్కల్ని పంపేశాడు. తర్వాత పిల్లుల్ని. ఎలుకలు పెరిగాయి. ఎలుకలకి ధ్రువపత్రం లేదని నోటీసు అంటించాడు. తర్వాత కోళ్ళని పంపేశాడు, అందులో సుమార్నివే ఎక్కువ. అవి మళ్ళీ వచ్చాయని కొందరంటారు. మెస్సు వెనక కట్టెల కింద నేను రెండు ఈకలు చూశాను. చూశాను, అంతే.

చివరికి తాయారు డబ్బాలో పెంచుకునే తులసిమొక్కని కూడా పట్టుకుపోయాడు. రసీదు ఇచ్చాడు. "నిబంధన నాది కాదమ్మా. నేను నిబంధనవాణ్ణి," అన్నాడు.

ట్రక్కు గేటు దగ్గరికి రాగానే హర్జోనో అరచెయ్యి చూపించాడు.

"పాక్ అబ్బులు ప్రవేశించవచ్చును. శ్రీమతి ప్రవేశించవచ్చును. ఇబు సుమార్ని ప్రవేశించవచ్చును. ఒడిలోని నాలుగో జీవి ఏమిటి?"

"మా అబ్బాయి."

"నిన్న ఈ గేటు నుంచి డ్రైవరు కాక ముగ్గురు వెళ్ళినట్టు నమోదైంది. నేడు నలుగురు."

తాయారుకి ఇక్కడి భాష అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం తెలుగే. "నిన్నా నలుగురవేనని చెప్పండి. ఒకడు కనపళ్ళేదంతే."

చెప్పాను. హర్జోనో కాసేపు ఆలోచించాడు.

"అంటే ధ్రువపత్రం లేని జీవి ఒకటి ఇన్ని నెలలూ మా ఆవరణలో నివసించి, నిన్న బయటికి వెళ్ళింది. అది వేరే అతిక్రమణ. దాన్ని తర్వాత విచారిస్తాం. ప్రస్తుతం సదరు జీవి కొత్త సీడ్ కింద పరిగణింపబడుతుంది."

సీడ్ అంటే హేచరీలో పొదిగించి తెచ్చే రొయ్యపిల్ల. బయటనుంచి వచ్చే ప్రతి సీడూ గేటు పక్క షెడ్డులో దిగాలి, పరీక్షలు నెగ్గాలి, ఆ తర్వాతే చెరువులో పడాలి. దాన్ని తాకినవాళ్ళు కూడా అంతవరకూ షెడ్డులోనే ఉండాలి.

"వీణ్ణెవరు తాకారు?" అన్నాడు.

"నేను కన్నాను," అంది తాయారు తెలుగులో. అది అనువదించలేదు.

సుమార్ని తాను మాత్రం తాకలేదంది. పొద్దుటినుంచీ పిల్లాణ్ణి ముద్దులాడింది ఆవిడే. హర్జోనో ఆవిణ్ణి లోపలికి పంపేశాడు. ఎందుకంటే ఆవిడ లేకపోతే మధ్యాహ్నం భోజనం ఉండదు, ఆ సంగతి నిబంధనావళిలో లేకపోయినా ఆయనకి తెలుసు. అప్పుడు కుండ చూశాడు.

"అందులో ఏముంది?"

"మాయ."

"ప్రాణమున్నదా?"

"లేదు."

హర్జోనో మొహం విప్పారింది. "ప్రాణం లేనిదానికి గేటు అభ్యంతరం లేదు! ప్రాణం లేని జీవపదార్థం నమూనా అవుతుంది. తల్లి కణజాలమూ, పిల్ల కణజాలమూ ఒకే పాత్రలో! ప్రయోగశాల వారు ఆనందిస్తారు."

గుడ్డ కట్టిన కుండని రెండు చేతులా పట్టుకుని, సైకిలెక్కించి లోపలికి పంపాడు. మేం బయట ఉండిపోయాం.

షెడ్డు అంటే రేకుల కప్పు, మూడు వైపుల గోడ, మధ్యలో సీడ్ దించుకునే సిమెంటు తొట్టి. గాలి కొట్టే బ్లోయరు రాత్రీ పగలూ మోగుతుంది. దాన్ని ఆపమన్నాను. సీడ్ షెడ్డులో ఉండగా బ్లోయరు ఆపకూడదని నిబంధన. "మీ సీడ్‌కి ఆక్సిజన్ అందాలి కదా పాక్," అన్నాడు హర్జోనో. మంచి మనసుతోనే అన్నాడు.

రేకులకి చిల్లులున్నాయి. తాయారుకి కుట్లు పడ్డాయి, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. మా క్వార్టరు అక్కణ్ణించి కనిపిస్తుంది. నేను తెల్లసున్నం వేసిన గోడలు, తాయారు కట్టిన తోరణం. పొడిగా ఉన్న ఒక గది, ఒక మంచం, తలుపు వేసుకోవడానికి ఒక తలుపు. వాన పడేలోగా వాళ్ళిద్దర్నీ అందులో పడుకోబెట్టాలి. నాకు అంతకు మించి ఏ కోరికా లేదు.

మధ్యాహ్నం జనరల్ మేనేజరు విస్సంరాజు గారు వచ్చారు. మా భీమవరం వైపాయనే. సున్నంతో గీసిన గీత అవతల నిలబడ్డారు.

"ఏవయ్యా అబ్బులూ, కొడుకంటగా! శుభం."

"ఆయ్."

"నువ్వేం కంగారు పడకు. అసలీ రూల్ ఎంత గొప్పదో నీకు తెల్సా? మనోళ్ళు ఏనాడో పెట్టారు. పురుడంటే ఏంటనుకున్నావ్? పదకొండ్రోజులు ఆ గడప ఎవడూ తొక్కడు, ఆ ఇంటి నీళ్ళెవడూ ముట్టడు. బయోసెక్యూరిటీ కాదటయ్యా అది? ప్రపంచానికి నేర్పిందే మనవయ్యా!"

"ఆయ్."

"ఈ ముక్క నేను హెడ్డాఫీసుకి రాశాను. బొమ్మలేసి మరీ పంపాను. వాళ్ళు అదిరిపోయారు. ఇక నుంచి సీడ్ అంతా పదకొండ్రోజులు ఆపాలని ఆర్డరేశారు."

"రాజుగారూ," అంది తాయారు లోపల్నించి, "మరి మీ మనవడు పుట్టినప్పుడు కోడలుగార్ని ఎక్కడ పెట్టారండీ? రేకుల షెడ్డులోనేనాండీ?"

"అదెక్కడమ్మా, కార్పొరేట్ ఆస్పత్రి, ఏసీ రూమూ..." అని ఆగారు రాజుగారు. "నీ పద్నాలుగో చెరువు నేను చూసుకుంటాలే అబ్బులూ," అని వెళ్ళిపోయారు. ఆయన చెరువు చూసి చాలా ఏళ్ళయింది.

పిల్లాణ్ణి చూసుకోవడం నేర్చుకున్నాను. రొయ్యని వెలుతురుకి ఎత్తి చూస్తే వీపు మీద పేగు కనిపిస్తుంది. పేగు నిండి ఉంటే మేత తిన్నట్టు. పిల్లాడికి పేగు కనిపించదు, గుడ్డ చూసుకోవాలి. మొదట నల్లగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత ఆవపిండి రంగులో. ఉతికిన గుడ్డలు పక్షులు రాకుండా కట్టిన వల మీద ఆరేశాను. మబ్బు అలాగే నిలబడి ఉంది. గుడ్డలు ఆరలేదు. ఒక్కో గుడ్డా నా పొట్టకి చుట్టుకుని, ఒంటి వేడితో ఆరబెట్టాను.

"మీరెప్పుడన్నా నా చీర ఆరేశారా?" అంది తాయారు.

"లేదు."

"ఆ మాట గుర్తెట్టుకోండి చాలు."

పరీక్షలు మొదలయ్యాయి. హర్జోనో కుర్చీ తెచ్చుకుని గీత అవతల కూర్చున్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు.

"ఒకటో అంశం. తల్లి మూలం. సదరు శిశువు తల్లి ఏ కేంద్రంలో పెరిగినది?"

"ఆకివీడు," అన్నాను.

"అది ధ్రువీకరించబడిన తల్లుల కేంద్రమా?"

తాయారు నవ్వింది, కుట్లు లాగి ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. "మా అమ్మనడగమనండి. ఫోను చేసివ్వండి."

ఫోనులో అత్తగారి మొహం కనిపించింది. హర్జోనో అడిగింది నేను తెలుగులో చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటున్నారు?" అన్నాడు హర్జోనో.

"వాళ్ళ వంశంలో ఎవరికీ మచ్చ లేదంటున్నారు."

"సంతృప్తికరం," అన్నాడు హర్జోనో. "రెండో అంశం. నమూనా. ప్రతి బ్యాచ్ నుంచీ నూటయాభై పిల్లల్ని పరీక్షకి పంపవలెను. మీరు ఎంతమందిని కన్నారు?"

"ఒక్కణ్ణి."

"లోటు నూటనలభై తొమ్మిది." ఆయన నిజంగానే విచారపడ్డాడు. రొయ్యపిల్లల్ని పరీక్షించాలంటే నలిపి ముద్దచేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన పిల్లాడి వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. "కుండలోని నమూనా సరిపోవునని ప్రయోగశాలని ఒప్పిస్తాను," అన్నాడు.

మర్నాడు ఒప్పించి వచ్చాడు. పిల్లాడికి తెల్లమచ్చ లేదు. మా వంశంలో ఈ మాట కాగితం మీద రాయించుకున్నవాడు వీడే మొదటివాడు.

మూడో అంశం నీటి పరీక్ష. మంచి సీడో కాదో తేల్చడానికి రొయ్యపిల్లల్ని ఉప్పునీళ్ళలోంచి తీసి ఒక్కసారిగా మంచినీళ్ళలో పడేస్తారు. గిలగిల్లాడి బతికితే మంచి సీడ్. దీన్ని పసివాడికెలా పెట్టాలో హర్జోనోకి తోచలేదు. పాపం, నిబంధనావళి అటూ ఇటూ తిరగేస్తున్నాడు. నేను ఆయన్ని పట్టించుకోలేదు. మావాడికి నీళ్ళు పోసే వేళయింది.

తాయారు కింద కూర్చోలేదు కాబట్టి నేనే కూర్చున్నాను. ఫోను ఇటుకకి ఆనించాను. అందులోంచి అత్తగారు.

"కాళ్ళు బారజాపండి అల్లుడు గారూ. ఇంకా. అలాక్కాదు, దగ్గరికి. ఆణ్ణి బోర్లా వేసుకోండి. నడుం గట్టిగా రుద్దండి. ఏటండీ అది, చేప తోవినట్టు? గట్టిగా!"

రుద్దాను. చెంబుతో వేడినీళ్ళు పోశాను. పిల్లాడు మొహం ఎర్రగా చేసుకుని, పిడికిళ్ళు బిగించి, షెడ్డు రేకులు అదిరేలా ఏడుపు ఎత్తుకున్నాడు. గేటు కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

"ఇంకో చెంబు! తల మీంచి!" అంది ఫోను.

హర్జోనో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బొడ్డు ఊడేదాకా బిడ్డకి తడిగుడ్డ అద్ది స్నానమయిందనుకునే దేశం ఇది. ఆయన ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. గబగబా రాసుకుని పైకి చదివాడు.

"నీటి ఉష్ణోగ్రతలో ఆకస్మిక మార్పు కలిగించబడినది. శిశువు ప్రతిస్పందన తీవ్రము. బతికిన శాతం, నూరు." ఆ తర్వాత మెల్లగా, "అమ్మమ్మగారు ఏ హేచరీలో పనిచేసేవారు?" అని అడిగాడు.

అన్ని అంశాలూ నెగ్గాం. అయినా వీల్లేదు. విస్సంరాజు గారి పదకొండు రోజులు అడ్డొచ్చాయి. హెడ్డాఫీసు ఆర్డరు మీద సిరా ఆరలేదు.

"బయట ఊళ్ళో గది తీసుకుంటాను," అన్నాను.

"అది ధ్రువపత్రం లేని చెరువు కింద లెక్కకు వస్తుంది. అందులో దింపిన సీడ్ మళ్ళీ ఒకటో అంశం నుంచి మొదలుపెట్టవలెను."

ఆ పొద్దుటినుంచీ పిల్లాడు ఏడుపు ఆపలేదు. పాలకి కాదు. పాలిచ్చినా ఏడ్చాడు. గుడ్డకి కాదు. ఎత్తుకుని షెడ్డంతా తిరిగాను. తొట్టి చుట్టూ తిరిగాను. మధ్యాహ్నానికి సుమార్ని భోజనం కారియరు తెచ్చి గీత దగ్గర పెట్టి, చెవి వొగ్గి విన్నది.

"ఇది చలి ఏడుపు."

"దుప్పటి కప్పాం కదా," అన్నాను.

"వాడికి కాదు చలి. తమ్ముడెక్కడ? గుమ్మం పక్కన పూడ్చావా?"

"హర్జోనో గారి దగ్గరుంది. నమూనా."

"నమూనాలు ఎక్కడ పెడతారు?"

నమూనాలు ఫ్రీజర్‌లో పెడతారు. అందులో చచ్చిన రొయ్యల తలకాయలుంటాయి.

నా మొహం చూసి సుమార్నికి అర్థమైంది. కారియరు అక్కడే వదిలేసి హర్జోనో కుర్చీ దగ్గరికి నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"హర్జోనో, నీ మాయ ఎక్కడుంది?"

"ఇబూ, ఇది కార్యాలయ వ్యవహారం..."

"ఎక్కడుంది?"

"మా అమ్మగారింట్లో. గుమ్మానికి కుడిపక్క."

"ఎవరు పూడ్చారు?"

"నాన్నగారు."

"దీపం పెట్టారా?"

"పెట్టారు."

"ఫ్రీజర్‌లో పెట్టారా?"

హర్జోనో తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఎంత కడిగినా అవి ఆయనకి సాయం రాలేదు.

"ఆ తమ్ముడు చలికి వణుకుతుంటే అన్న ఏడవక ఏం చేస్తాడు? నువ్వు జావా తల్లి కన్న బిడ్డవేనా?"

"నమూనాలు భద్రపరచవలెనని ఆరో అధ్యాయంలో..."

అప్పుడు వాన పడింది. నిలబడ్డ మబ్బు ఒక్కసారిగా తెగింది. రేకుల చిల్లులు మొదట చుక్కలుగా, తర్వాత ధారలుగా కారాయి. తాయారు నా చేతుల్లోంచి పిల్లాణ్ణి తీసుకుని గొడుగు విప్పి వాడి మీద పట్టింది. ఆమె వీపు తడుస్తోంది. ఆమె ఏమీ అనలేదు. తాయారు ఏమీ అనకపోవడం పెళ్ళయ్యాక నేను అదే మొదలు చూడటం.

నేను ఎక్కువ మాట్లాడను. ఉద్యోగంలో ఆఖరిసారి పైవాడికి ఎదురు చెప్పిందెప్పుడో గుర్తులేదు. కాని గట్టు మీద తిరిగేవాడికి నిబంధనలన్నీ తెలియకపోయినా, చెరువు నిబంధనలు కొన్ని తెలుసు. గీత దాకా వెళ్ళాను.

"పాక్ హర్జోనో, సుమార్నిగారు చెప్పింది నిజమేనా? మాయ పిల్లాడికి తమ్ముడా?"

"అవును," అన్నాడు. ఆలోచించకుండా అన్నాడు.

"ఒక తల్లే కదా?"

"ఒక తల్లే."

"ఒక కాన్పే."

"ఒక కాన్పే."

"అంటే ఒక బ్యాచ్."

ఆయన నా వైపు చూశాడు.

"తమ్ముడు లోపలున్నాడు. అన్న బయటున్నాడు. బ్యాచ్‌ని విడదీశారు కదండీ."

రొయ్యల్లో దానికంటే పెద్ద తప్పు లేదు. ఒక బ్యాచ్ సీడ్‌ని ఒకే చెరువులో వేయాలి. సగం ఒకచోట, సగం ఒకచోట వేస్తే ఏ రోగం ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకోలేరు. విడిపోయిన బ్యాచ్‌ని ఆ పూటే ఒకచోట చేర్చాలి, లేదా మొత్తం నాశనం చేయాలి. ఇది రెండో అధ్యాయం. పదకొండు రోజుల ఆర్డరు కంటే ముందుది.

హర్జోనో వానలో నిలబడి నిబంధనావళి తీశాడు. పేజీలు తడిసి అంటుకున్నాయి. ఒక్కొక్కటే విడదీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన మొహంలో భయం చూశాను, దాని వెనక ఇంకేదో కూడా చూశాను. అది సంతోషమని నా అనుమానం.

"విడదీసింది ఎవరని అడుగుతారు," అన్నాడు.

"నువ్వే," అంది సుమార్ని.

"ఒకచోట చేర్చవలెను. తక్షణమే చేర్చవలెను!" అని అరిచాడు హర్జోనో. "గేటు తీయండి!"

అయినా ఆయన హర్జోనోయే. సీడ్‌ని ఊరికే చెరువులో పడేయరు. అలవాటు చేయాలి. సంచి నీళ్ళలోకి చెరువు నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ, రెండూ ఒకటయ్యాక వదలాలి. మా క్వార్టరు గుమ్మంలో నన్ను ఆపేశాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చేతుల్లో పిల్లాడు. మా ఇంటి కుండలో నీళ్ళు సుమార్ని వేళ్ళతో తీసి వాడి అరికాళ్ళకి రాసింది. ఆగింది. మళ్ళీ రాసింది.

"దిష్టి తియ్యకుండా లోపలికెలా తీసుకెళ్తారు?" అంది తాయారు. పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసే ఓపిక లేదు. గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కోవడానికి హర్జోనో పెట్టించిన తొట్టి ఉంది. అందులో పర్మాంగనేటు కలిపిన ఎర్రనీళ్ళు. తాయారు చెప్పినట్టే సుమార్ని పళ్ళెంతో ముంచి, మా ముగ్గురి చుట్టూ మూడుసార్లు తిప్పి, దారిలో పారబోసింది.

హర్జోనో కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళకి ఆ తొట్టిని ఒకరు భక్తితో వాడారు," అన్నాడు.

తాయారు మంచం మీద పడుకుంది. పక్కన పిల్లాడు. తలుపు దగ్గరికి వేశాను. గది పొడిగా ఉంది.

కుండని హర్జోనోయే స్వయంగా తెచ్చాడు. సైకిలు మీద కాదు, నడిచి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. వెచ్చబడుతుందని కాబోలు. వాన వెలిసింది. గుమ్మానికి కుడిపక్క గొయ్యి తీశాను. మట్టి మెత్తగా ఉంది. కుండ దింపాను. చచ్చినదేదైనా పూడ్చేటప్పుడు సున్నం చల్లాలని నిబంధన. హర్జోనో జేబులోంచి పొట్లం తీశాడు. సుమార్ని చేతిలో పూలున్నాయి. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. పొట్లం మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

మన్ను పూడ్చి, బుట్ట బోర్లించి, దాని కింద చిన్న బల్బు వెలిగించాం. లోపల ఏడుపు ఆగింది. వెచ్చటి గది దొరికి ఆగిందో, వెచ్చటి మన్ను దొరికి ఆగిందో నేను తేల్చలేను. సుమార్ని మాత్రం తేల్చేసింది.

"పద్నాలుగో చెరువు బాగానే ఉంది పాక్. రొయ్య తేలలేదు," అన్నాడు హర్జోనో.

నేను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజంతా పైకి చూడనే లేదు.

"హెడ్డాఫీసుకి ఏం రాస్తారు?"

"శిశువులు అని కొత్త అధ్యాయం రాయవలసి ఉంటుంది," అన్నాడు. "అందులో మీ అత్తగారి నీటి పరీక్ష చేరుస్తాను."

బిడ్డ పుట్టిన ఇంట నలుగురికీ అన్నం పెట్టాలని ఇక్కడి ఆచారం. సుమార్ని వరండాలో చాప పరిచి ఆకుల్లో వడ్డించింది. అన్నం, కొబ్బరికోరు కలిపిన ఆకుకూర, ఒక్కొక్కరికి ఒక ఉడకబెట్టిన గుడ్డు. తాయారు గుమ్మానికి ఆనుకుని మెత్త మీద కూర్చుంది. హర్జోనో బూట్లు విప్పి కూర్చున్నాడు. ఆయన పాదాలు చూడటం అదే మొదటిసారి.

ఆయన గుడ్డు వైపు చూశాడు. మార్కెట్టు నుంచి గుడ్లు తేవడం ఎప్పుడో ఆపించాడు. గుడ్డు ఇంకా వేడిగా ఉంది. సుమార్ని కూర వడ్డిస్తూ తలెత్తలేదు.

అప్పుడే మెస్సు వెనక కట్టెల కిందనుంచి ఒక కోడి, పనయిపోయిన గర్వంతో, లోకమంతటికీ వినపడేలా అరిచింది.

అందరి చేతులూ ఆగిపోయాయి. ఎవరం ఎవరి మొహమూ చూడలేదు. నేను అన్నం వైపు చూశాను. తాయారు పిల్లాడి వైపు చూసింది. కోడి ఇంకోసారి చెప్పింది. బుట్ట కింద బల్బు వెలుగుతోంది.

హర్జోనో గుడ్డు తీసుకుని నేలకేసి మెల్లగా తట్టాడు. పెంకు ఒలిచాడు. ఒలిచిన పెంకులు ఏరి సున్నం పొట్లం ఉన్న జేబులోనే వేసుకున్నాడు. గుడ్డుని రెండుగా చీల్చి అన్నంలో కలుపుకున్నాడు.

మేమూ కలుపుకున్నాం.